మొగిలి కనుమ మీద మోటారు చదువు

చిత్తూరు జిల్లా పడమటి అంచున, పలమనేరును ఆనుకుని ఉన్న మండలం గంగవరం. ఉత్తరాన పుంగనూరు, ఆ పైన మదనపల్లె, దక్షిణాన కుప్పం, పడమట కర్ణాటక సరిహద్దు. ఈ ప్రాంతంలో మోటారు విద్య ఎలా పెరిగిందో అర్థం కావాలంటే ముందు రైలు పటం చూడాలి. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటు వరకు రైలు దారి తెరిచారు. అది కుప్పం మీదుగా పోయింది. ఉత్తరాన పాకాల నుంచి ధర్మవరానికి మీటరు గేజి దారి వేస్తే అది పీలేరు, వాయల్పాడు, కురబలకోటల మీదుగా సాగింది. మదనపల్లె రోడ్ అనే స్టేషను వచ్చింది గానీ అది ఊరికి చాలా దూరం. ఈ రెండు పట్టాల మధ్య మిగిలిన పుంగనూరు, గంగవరం, పలమనేరులకు రైలే లేదు. సరుకు కదలాలన్నా, మనిషి కదలాలన్నా రోడ్డే దిక్కు. రైలు వచ్చిన ఊళ్లలో స్టేషను చుట్టూ బతుకుతెరువులు పెరిగాయి. రైలు రాని ఈ మెట్ట మీద మాత్రం రోడ్డు చుట్టూ, ముందు ఎద్దుల బండి పని, తర్వాత మోటారు పని పెరిగాయి.

ఆ రోడ్డు చాలా పాతది. చిత్తూరు నుంచి బంగారుపాళెం దాటాక దారి మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరుతుంది. చిత్తూరు సముద్ర మట్టానికి 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే పలమనేరు సుమారు 680 మీటర్ల ఎత్తున ఉంది. తీరపు మైదానం నుంచి మైసూరు పీఠభూమికి ఎక్కే మెట్లలో ఇదొకటి. 1791 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైన్యం మైసూరు పాలకుడు టిప్పు సుల్తాను మీదికి వెళ్లింది ఈ దారినే. అంబూరు వైపు పోతున్నట్టు కనిపించి, హఠాత్తుగా ఉత్తరానికి తిరిగి చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి, పెద్దగా ఎదురు లేకుండానే పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి బెంగళూరు చేరింది. మార్చి 21న కోట పడింది. కానీ ఆ దండయాత్రలో కంపెనీ సైన్యాన్ని కుంగదీసింది కత్తులకంటే ఎద్దుల కొరత. మే నెలలో శ్రీరంగపట్నం దాకా పోయిన తర్వాత ఫిరంగులు లాగే ఎద్దులు మేత లేక, రోగాలతో చచ్చిపోయాయి. కోటలు బద్దలుకొట్టే పెద్ద ఫిరంగులను కారన్‌వాలిస్ తానే ధ్వంసం చేయించి వెనుదిరిగాడు. మళ్లీ దండెత్తే నాటికి ధాన్యం మోసి ఆదుకున్నది లంబాడీల పెరిక ఎడ్లు. బరువు ఎంత, వాలు ఎంత, లాగే శక్తి ఎంత అన్న లెక్క ఈ కనుమ మీద అప్పటికే ప్రాణాలతో ముడిపడిన లెక్క. తర్వాత వచ్చిన ప్రతి వాహనమూ ఇక్కడ అదే లెక్కకు జవాబు చెప్పాల్సి వచ్చింది.

మోటారుకు ముందు ఇక్కడ వాహన విద్య అంటే బండి కట్టే విద్య. ఆకులు, ఇరుసు, చక్రపు చట్రం వడ్రంగి చేస్తే, చుట్టూ ఇనప పట్టా ఎక్కించడం కమ్మరి పని. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే రవ్వంత తక్కువగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. వేడికి అది సాగుతుంది. పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించి, వెంటనే నీళ్లు పోస్తే ముడుచుకుని కొయ్యను గట్టిగా బిగిస్తుంది. లోహం వేడికి ఎంత సాగుతుందో ఆ కమ్మరికి కంటి అంచనాతో తెలుసు. రైలు చక్రానికి ఉక్కు పట్టా ఎక్కించేది కూడా ఈ సూత్రంతోనే. తర్వాతి కాలంలో లారీలకు కొయ్య బాడీలు కట్టే పనిలోకి, కమాను కట్టలు సరిచేసే పనిలోకి వడ్రంగులు, కమ్మరులు సులువుగా దిగగలిగారంటే కారణం ఇదే. పనిముట్లు మారాయి, పట్టు మారలేదు.

దక్షిణాదిన మోటారు యుగం మద్రాసులో మొదలైంది. 1840 నుంచి గుర్రపు బండ్లు తయారుచేస్తున్న సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఇంజనీరు 1903లో ఆవిరి కారు నిర్మించాడు. భారతదేశంలో తయారైన మొదటి ఆవిరి కారుగా దాన్ని చెబుతారు. 1911లో టి.వి. సుందరం అయ్యంగారు మధురైలో మోటారు వ్యాపారం మొదలుపెట్టారు. అదే ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడి, అంతవరకు కడప జిల్లాలో ఉన్న మదనపల్లె ఇందులో చేరింది. 1914లో దేశమంతటికీ వర్తించే మొదటి మోటారు వాహనాల చట్టం వచ్చింది. బండి నంబరు, డ్రైవరు లైసెన్సు అనే మాటలకు దేశమంతటా ఒకే చట్టబద్ధత అప్పటి నుంచే. 1939 చట్టంతో పర్మిట్ల పద్ధతి కట్టుదిట్టమైంది. ఏ దారిలో ఎవరు ఎన్ని బస్సులు తిప్పాలో ప్రభుత్వం నిర్ణయించసాగింది. రైలు లేని తాలూకాల్లో ఆ పర్మిటు కాగితం ఎంత విలువైందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ తొలి తరం మోటార్లకు సెల్ఫ్ స్టార్టు మీద భరోసా లేదు. ముందు భాగంలో హ్యాండిలు పెట్టి తిప్పాలి. హ్యాండిలు తిప్పడంలో కొత్తవాడికి నేర్పే మొదటి పాఠం బొటనవేలిది. మిగతా నాలుగు వేళ్లు చుట్టిన వైపే బొటనవేలూ ఉండాలి, హ్యాండిలును చుట్టి అవతలికి పోకూడదు. ఇంజను ఒక్కోసారి ముందుగానే అంటుకుని వెనక్కి తంతుంది. వేళ్లన్నీ ఒక వైపే ఉంటే హ్యాండిలు చేతిలోంచి జారిపోతుంది. బొటనవేలు చుట్టి ఉంటే మణికట్టు విరుగుతుంది. కింది నుంచి పైకి లాగాలే తప్ప పైనుంచి కిందికి నొక్కకూడదన్నది రెండో పాఠం. ఏ పుస్తకమూ లేకుండా, ఒకరి చేతిని చూసి మరొకరి చేయి నేర్చుకున్న చదువు అది. సిలిండరులో నిప్పురవ్వ పడే సమయాన్ని వెనక్కి, ముందుకు జరపడానికి స్టీరింగు దగ్గరే చిన్న మీట ఉండేది. స్టార్టు చేసేటప్పుడు ఆలస్యం చేయాలి, బండి కదిలాక ముందుకు జరపాలి. ఇప్పుడు కారులోని కంప్యూటరు సెకనుకు ఎన్నోసార్లు చేసే సవరణను ఆనాటి డ్రైవరు చెవితో విని, చేత్తో చేసేవాడు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ చదువుకు మరో అధ్యాయం చేర్చింది. పెట్రోలుకు రేషను పెట్టడంతో దేశమంతటా బస్సులకు బొగ్గు గ్యాసు ప్లాంట్లు బిగించారు. సుందరం అయ్యంగారి టీవీఎస్ సంస్థ కూడా అలాంటి ప్లాంట్లు తయారుచేసింది. బస్సు వెనక నిలువెత్తు ఇనప కొలిమి. అందులో కట్టె బొగ్గు పోసి, నిప్పు పెట్టి, చేతితో తిప్పే బ్లోయరుతో గాలి కొట్టాలి. బొగ్గు పూర్తిగా కాలకుండా, చాలీచాలని గాలిలో మగ్గితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. ఆ గ్యాసును చల్లార్చి, బూడిద వడగట్టి ఇంజనుకు పంపాలి. పొద్దున బస్సు కదలడానికి చాలా ముందే క్లీనరు లేచి కొలిమి రాజేయాలి. పెట్రోలుతో పోలిస్తే ఇంజను బలం బాగా తగ్గిపోయేది. చదునైన దారిలో ఎలాగో లాగినా ఎత్తు వచ్చేసరికి ప్రయాణికులు దిగి నడిచేవారు, అవసరమైతే తోసేవారు. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన షెడ్డులో కొలిమి వెలిగిస్తే ప్రాణం తీస్తుంది. అందుకే ఆరుబయటే రాజేసేవారు. ఇంధనం మారితే మెకానిక్కు చదువంతా మళ్లీ మొదలవుతుందని తెలుగు నేల మీద బస్సు పనివాళ్లకు మొదట అనుభవంలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. యుద్ధం ముగిసి పెట్రోలు దొరికాక కొలిమిలు పాత ఇనుములోకి పోయాయి. నేటి విద్యుత్ వాహనాల చర్చలో ఈ అధ్యాయాన్ని ఎవరూ గుర్తుచేయకపోవడం లోటే.

స్వాతంత్ర్యం వచ్చాక డీజిలు లారీ ఈ దారికి యజమాని అయింది. 1948లో ఎన్నూరు దగ్గర అశోక్ మోటార్స్ మొదలై 1955లో అశోక్ లేలాండ్ అయింది. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటాలు మెర్సిడెస్ బెంజ్ సహకారంతో లారీలు చేయడం మొదలుపెట్టారు. డీజిలు పంపులు, నాజిళ్లు తయారుచేసే మైకో 1951లో మొదలై బెంగళూరులో వేళ్లూనుకుంది. మద్రాసు, బెంగళూరుల మధ్య పాత నాలుగో నంబరు జాతీయ రహదారి మీద ఉండడం వల్ల పలమనేరు ప్రాంతం ఈ మూడు పరిశ్రమల సరుకునూ రోజూ చూసింది. కంపెనీ నుంచి లారీ అంటే వట్టి ఛాసిస్ మాత్రమే వచ్చేది. యజమాని దాన్ని తీసుకెళ్లి బాడీ కట్టించుకోవాలి. తమిళనాట నామక్కల్, తిరుచెంగోడు, తెలుగునాట విజయవాడ ఆటోనగర్ ఆ పనికి పేరు తెచ్చుకున్నాయి. ఇటు మదనపల్లె టమాటా, చింతపండు, పట్టు, కుప్పం వైపు గ్రానైటు రాయి, పల్లెల పాలు, కూరగాయలు అన్నీ లారీ చక్రాల మీదే కదిలాయి. మదనపల్లె మార్కెట్టు నుంచి ఉత్తరాది దాకా టమాటా పోవడానికి సాగునీటితో పాటు లారీ కూడా కారణం. రెండు రోజుల్లో మెత్తబడే పండును దూరం పంపాలంటే దారిలో బండి ఆగిపోకూడదు. ఆగినా గంటల్లో బాగుచేసే చేయి దగ్గర్లో ఉండాలి.

ఆ చేయి తయారయ్యే క్రమం దాదాపు ఎక్కడైనా ఒకటే. బడి మానేసిన కుర్రవాడు క్లీనరుగా లారీ ఎక్కుతాడు. టైర్లను ఇనప రాడ్డుతో కొట్టి చప్పుడు బట్టి గాలి అంచనా కట్టడం, రేడియేటరులో నీళ్లు, ఇంజను ఆయిలు చూడడం, తాడు బిగించి టార్పాలిన్ కట్టడం, వెనక్కి వచ్చేటప్పుడు పక్కనుండి కేకలేసి దారి చెప్పడం మొదటి ఏడాది పాఠాలు. రాత్రి వేళ ఖాళీ రోడ్డు మీద డ్రైవరు స్టీరింగు ఇచ్చిన రోజు అతనికి పట్టా చేతికందినట్టే. పాత లారీ గేరుబాక్సుల్లో పళ్లు వాటంతట అవి కలిసేవి కావు. క్లచ్చి నొక్కి న్యూట్రలుకు తెచ్చి, వదిలి, ఇంజను వేగం సరిచేసి, మళ్లీ నొక్కి గేరు వేయాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. తప్పితే గేరు గరగరమని అరుస్తుంది, పక్కనున్న డ్రైవరు అంతకంటే గట్టిగా అరుస్తాడు. స్టీరింగు మీద మనసు లేనివాళ్లు షెడ్డులో చేరి మేస్త్రీ దగ్గర పానాలు అందించడంతో మొదలుపెడతారు. చూడకుండానే ఏ బోల్టుకు ఏ నంబరు పానా పడుతుందో చెప్పగలిగిన నాడు మేస్త్రీ ఇంజను విప్పనిస్తాడు.

మొగిలి కనుమ దిగడం ఈ చదువులో పెద్ద పరీక్ష. ఎక్కేటప్పుడు బండి బలం తెలుస్తుంది, దిగేటప్పుడు డ్రైవరు విద్య తెలుస్తుంది. నిండు బరువుతో ఉన్న లారీ వాలులో దిగుతుంటే ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే డ్రమ్ములు కాలిపోతాయి. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగుకు దూరమవుతుంది, లైనింగు కూడా పట్టు కోల్పోతుంది. ఆయిలు బ్రేకులైతే ఆయిలు మరిగి గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు మెత్తగా కిందికి పోతుంది. ముక్కుకు మాడిన వాసన తగిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అందుకే ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అన్నది ఘాటు రోడ్డు డ్రైవర్ల నియమం. తక్కువ గేరులో ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకు చివరి ఆధారంగా మిగులుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రలులో దించడం ప్రాణాలతో బేరం. అలా చేసి ఇంటికి చేరనివాళ్లు ఈ రోడ్డు మీద ఎందరో.

కొత్త యంత్రాలు బ్రేకుల లోపాలను ఒక్కొక్కటిగా సరిదిద్దుతూ వచ్చాయి. ఆయిలు బ్రేకుల స్థానంలో గాలి బ్రేకులు వచ్చాయి. పార్కింగు బ్రేకును స్ప్రింగు బలంతో పనిచేసేలా మార్చారు. గాలి పోతే బ్రేకు వదిలేయడానికి బదులు పట్టేస్తుంది. పొగ గొట్టాన్ని మూసి ఇంజనునే అడ్డుకట్టగా వాడే ఎగ్జాస్టు బ్రేకు వచ్చింది. చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వచ్చింది. రోడ్డును వెడల్పు చేసి నాలుగు వరుసలుగా వేశారు. పాత నాలుగో నంబరు పోయి ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు దారి ఇప్పుడు 69వ జాతీయ రహదారి అయింది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పంలను కలిపి కృష్ణగిరికి పోయేది 42వది. ఇన్ని జరిగినా మొగిలి ఘాటులో ప్రమాదాలు ఆగలేదు. యంత్రం మెరుగుపడిన వేగంతో డ్రైవరు శిక్షణ మెరుగుపడలేదన్నది ఒప్పుకోక తప్పని నిజం. రవాణా వాహనం నడిపేవారు కనీసం ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. బడికి పోలేని నేర్పరులకు అది న్యాయమే. అయితే ఆ లోటును నింపాల్సిన డ్రైవింగు శిక్షణ ఆ స్థాయిలో రాలేదు.

బడిలో చెప్పే మోటారు విద్య రోడ్డు మీది ఈ చదువుకు చాలా ఆలస్యంగా తోడైంది. 1949లో మద్రాసు క్రోంపేటలో సి. రాజం స్థాపించిన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆటోమొబైల్ ఇంజనీరింగు కోర్సు మొదలైంది. 1950లో కేంద్ర ప్రభుత్వం వృత్తి శిక్షణ పథకం తెచ్చి ఐటీఐలకు బాట వేసింది. మోటారు మెకానిక్కు కోర్సు రెండేళ్లు, డీజిలు మెకానిక్కు కోర్సు ఒక ఏడాది. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చి, ఐటీఐ చదివినవారికి పరిశ్రమలో పని నేర్పడం సంస్థల బాధ్యత చేసింది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీ ఈ విషయంలో చేసిన మేలు పెద్దది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం డిపోల గ్యారేజీలు అప్రెంటిసులకు నిజమైన పాఠశాలలు. ఇన్ని కిలోమీటర్లకు ఆయిలు మార్చాలి, ఇన్ని కిలోమీటర్లకు బ్రేకు లైనింగు చూడాలి, చూసినట్టు రిజిస్టరులో సంతకం పెట్టాలి. చెడిపోయాక బాగుచేయడం రోడ్డు పక్క షెడ్డు విద్య. చెడిపోకముందే కనిపెట్టడం డిపో విద్య. రెండూ తెలిసినవాడికే ఈ ప్రాంతంలో మంచి మెకానిక్కు అన్న పేరు దక్కింది. పైచదువుల విషయానికొస్తే మదనపల్లెకు 1915 నుంచి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీ ఉంది గానీ, ఇంజనీరింగు కాలేజీ మిట్స్ రావడానికి 1998 దాకా ఆగాల్సి వచ్చింది.

మోటారు పరిశ్రమ ఈ జిల్లాలో సొంతంగా వేళ్లూనింది ఇంజనుతో కాదు, బ్యాటరీతో. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి స్వగ్రామం పేటమిట్ట వైపు తిరిగొచ్చిన గల్లా రామచంద్ర నాయుడు 1985లో, అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా సంస్థను స్థాపించారు. 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీ మార్కెట్లోకి వచ్చింది. తర్వాత బంగారుపాళెం మండలం నూనెగుండ్లపల్లెలో పెద్ద కర్మాగారం కట్టారు. అది మొగిలి కనుమ దిగీ దిగగానే ఉండే ప్రాంతం. పేటమిట్టలో నైపుణ్య శిక్షణ కేంద్రమూ నడుస్తోంది.

కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి, ఒక్కో గది రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. సీసపు పలకలు, మధ్యన నీళ్లు కలిపిన గంధకామ్లం. పాత బ్యాటరీ షాపుల్లో ఒక గాజు గొట్టం ఉండేది. దాన్ని గదిలో ముంచి రబ్బరు బుడ్డి నొక్కి వదిలితే ఆమ్లం పైకి వస్తుంది, లోపల చిన్న తేలుడు కడ్డీ ఒక అంకె దగ్గర నిలుస్తుంది. 1.28 దరిదాపుల్లో ఉంటే నిండు ఛార్జి, 1.15 దగ్గరికి పడిపోతే ఖాళీ. ఆరు గదుల్లో అయిదు బాగుండి ఒకటి తగ్గిందంటే ఆ గది పలక పోయిందని అర్థం. డిస్టిల్డ్ నీళ్లే పోయాలి, కుళాయి నీళ్లు పోస్తే అందులోని లవణాలు పలకలను తినేస్తాయి. నీళ్లు పోయనక్కర్లేని బ్యాటరీలు వచ్చాక ఆ గాజు గొట్టం మూలపడింది, దానితో బతికిన చిన్న షాపుల్లో చాలా భాగం అమ్మకపు దుకాణాలయ్యాయి. వినియోగదారుడికి సుఖం పెరిగింది, ఒక చేతి పని తగ్గింది. వాహన చరిత్రలో ఈ మార్పు పదే పదే కనిపిస్తుంది.

కార్ల విషయంలోనూ అంతే. 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడరును, దాని సమకాలికురాలు ఫియట్‌ను చెట్టు కింద విప్పి బిగించే మేస్త్రీలు ప్రతి తాలూకా కేంద్రంలోనూ ఉండేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కారు మధ్యతరగతి గడపకు చేరింది. ఇరవయ్యో శతాబ్దం ముగిసేసరికి కార్బొరేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టరు, దాన్ని నడిపే చిన్న కంప్యూటరు వచ్చాయి. డీజిలులో మైకో పంపును విప్పి కాలిబ్రేషను చేసే నేర్పు ఒకప్పుడు పెద్ద గౌరవం. తర్వాత వచ్చిన, అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిలు అందే కామన్ రైలు ఇంజన్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటిపోయింది, దుమ్ము కణం పడినా నాజిలు పాడవుతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి రావడంతో పొగ గొట్టంలోనే రసాయన శాల వచ్చి చేరింది. ఇప్పుడు షెడ్డులో మొదట బయటికి తీసేది పానా కాదు, స్కానరు. అది చూపే కోడు అంకెను చదవడం తేలికే. ఆ కోడుకు అసలు కారణం సెన్సారా, వైరా, ఎలుక కొరికిన సాకెట్టా అని తేల్చడానికి మాత్రం పాత మేస్త్రీ ఓపికే కావాలి.

గంగవరం చుట్టూ గీత గీస్తే నేటి భారత వాహన పరిశ్రమలో చాలా భాగం అందులో పడుతుంది. పడమట నరసాపురలో 2013 నుంచి హోండా ద్విచక్ర వాహనాల కర్మాగారం, ఇంకా అవతల బిడదిలో టొయోటా. నైరుతిన హొసూరులో టీవీఎస్, అశోక్ లేలాండ్. ఆగ్నేయాన శ్రీపెరుంబుదూరు దగ్గర 1998లో శాంత్రోతో మొదలైన హ్యుందాయ్. తూర్పున సత్యవేడు ప్రాంతంలో 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో తెరిచిన ఇసుజు, 2020లో ఉత్పత్తి మొదలుపెట్టిన హీరో, అపోలో టైర్లు. వాయవ్యాన పెనుకొండ దగ్గర కియా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చి, డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభమైన ఆ కర్మాగారం ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యంతో కట్టింది. కుప్పానికి సమీపంలోని కేజీఎఫ్ (కోలారు బంగారు గనుల ఊరు)లో భారీ డంపర్లు, బుల్‌డోజర్లు చేసే బీఈఎంఎల్ ఎప్పటి నుంచో ఉంది. అటు రైలు దారి ఉండడం కుప్పం వాళ్లకు అదృష్టం.

ఈ కర్మాగారాలు తెచ్చిన ఉద్యోగాల స్వభావం షెడ్డు పని కంటే భిన్నం. అసెంబ్లీ లైనులో ఒక మనిషి ఒకే పనిని నిమిషంలోపు ముగించాలి. బోల్టు ఎంత బిగించాలో టార్క్ రెంచి చెబుతుంది, చేతి అంచనాకు చోటు లేదు. వెల్డింగు, పెయింటు చాలావరకు రోబోలు చేస్తాయి. ఆ రోబోలను నిలబెట్టి, ఆగితే నడిపించే మెయింటెనెన్సు మనిషికి విద్యుత్తు, గాలి ఒత్తిడి, యంత్రాలను నడిపే పీఎల్‌సీ ప్రోగ్రాము అన్నీ తెలియాలి. ఐటీఐ, డిప్లొమా చదివిన పిల్లలకు నిలకడైన భవిష్యత్తు ఉన్నది ఈ మెయింటెనెన్సు, నాణ్యత పరీక్ష, అచ్చులు చేసే టూల్ రూము విభాగాల్లోనే. లైను పనిలో చేరినవారు రెండు మూడేళ్లలో కాంట్రాక్టు ముగిసి ఇంటికి రావడం ఎక్కువ. చేరేటప్పుడే ఈ తేడాను పిల్లలకు చెప్పడం కాలేజీల బాధ్యత. అది సరిగ్గా జరగడం లేదు. సర్వీసు సెంటరు, విడిభాగాల దుకాణం, బీమా సర్వేయరు, డ్రైవింగు స్కూలు, టైరు రీట్రెడింగు వంటి దారులను చిన్నచూపు చూడడం కూడా తగదు. తాలూకా కేంద్రాల్లో వాహనం మీద బతికేవారిలో ఎక్కువ మంది వీటి మీదే ఆధారపడ్డారు.

విద్యుత్ వాహనం ఈ ప్రాంతానికి వచ్చింది కొండ దారి మీదుగానే. 1944 ఏప్రిల్ 10న తిరుమల మొదటి ఘాటు రోడ్డు తెరిచారు. 2022 సెప్టెంబరులో ఆ కొండ మీదికి ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడవడం మొదలైంది. హైదరాబాదుకు చెందిన ఒలెక్ట్రా తయారుచేసిన వంద బస్సులను అలిపిరి డిపోకు కేటాయించగా, కొన్నిటిని తిరుపతి నుంచి మదనపల్లెకు వేశారు. డీజిలు బస్సుకు శాపమైన వాలు విద్యుత్ బస్సుకు ఒక రకంగా వరం. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి బండిని పట్టి ఉంచుతూ బ్యాటరీని నింపుతుంది. లైనింగు అరుగుదల తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. కొండ పైనే బ్యాటరీ నిండా ఛార్జి చేసి దింపితే, పుట్టిన కరెంటును దాచుకోవడానికి చోటుండదు, మోటారు పట్టు తగ్గుతుంది. పైన ఎంత నింపాలి, కింద ఎంత నింపాలి అన్నది డిపో మేనేజరు లెక్క. మొగిలి డ్రైవరు గేరు నియమానికి ఇది కొత్త రూపం.

కుప్పం దిగువన కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా, హొసూరులో ఏథర్ 2021లో స్కూటర్ల కర్మాగారాలు తెరవడంతో దక్షిణపు సరిహద్దు విద్యుత్ స్కూటర్ల కేంద్రమైంది. 2023లో పుంగనూరు దగ్గర సుమారు 800 ఎకరాల్లో విద్యుత్ బస్సులు, లారీలు చేసే కర్మాగారం 4,640 కోట్ల రూపాయలతో పెడతామని జర్మనీకి చెందిన పెప్పర్ మోషన్ పేరుతో ప్రకటన వెలువడింది. ప్రకటనను కర్మాగారంగా లెక్కపెట్టడం తగదు. షెడ్డు లేచి జీతం చీటీలు వచ్చిన నాడే అది ఈ చరిత్రలో చేరుతుంది. అమరరాజా 2023లో పేరును అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మార్చుకుని, లిథియం బ్యాటరీల కర్మాగారానికి మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిని ఎంచుకుంది. సీసపు బ్యాటరీలు పుట్టిన జిల్లాకు కొత్త బ్యాటరీ దక్కలేదు.

విద్యుత్ వాహనంలో ఇంజను లేదు, క్లచ్చి లేదు, ఆయిలు మార్పిడి లేదు, నాజిలు లేదు. ఆ మేరకు పంపు మెకానిక్కుల పని తగ్గిపోతుంది, దాన్ని దాచి లాభం లేదు. బ్రేకు, బేరింగు, సస్పెన్షను, స్టీరింగు, టైరు, ఏసీ, బాడీ పని అలాగే ఉంటాయి. బ్యాటరీ బరువు వల్ల టైర్లు, సస్పెన్షను మీద భారం పెరుగుతుంది కూడా. కొత్తగా వచ్చింది ప్రాణభయం. పాత బండిలో పన్నెండు వోల్టులు చేతికి తగిలినా ఏమీ కాదు. విద్యుత్ కారులో మూడు నాలుగు వందల వోల్టులు ఉంటాయి. నారింజ రంగు తొడుగు వేసిన వైర్లు కనిపిస్తే, ముందు రబ్బరు చేతి తొడుగులు వేసుకుని, సర్వీసు ప్లగ్గు తీసి, కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగేదాకా ఆగి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చేయి పెట్టాలి. చూసి నేర్చుకునే పద్ధతి ఇక్కడ చెల్లదు, ఎందుకంటే మొదటి తప్పే ఆఖరిది కావచ్చు. అందుకే ఐటీఐల్లో విద్యుత్ వాహన మెకానిక్కు అనే రెండేళ్ల కోర్సు ప్రవేశపెట్టారు. మీటరు చదవడం, బ్యాటరీ మేనేజ్‌మెంటు వ్యవస్థ ఇచ్చే సమాచారం చదవడం, మోటారు కంట్రోలరు పరీక్ష అందులో పాఠాలు. ఇప్పటికే షెడ్డుల్లో ఉన్న నలభై, యాభై ఏళ్ల మేస్త్రీలకు పని మానకుండా నేర్చుకునే పొట్టి కోర్సులు ఇంకా ఎక్కువ అవసరం. వాళ్ల దగ్గరున్న రోగనిర్ణయ విద్య ఏ కాలేజీలోనూ దొరకదు.

ఈ లోగా రోడ్డే మరోసారి మారుతోంది. హొసకోట నుంచి శ్రీపెరుంబుదూరు వరకు 262 కిలోమీటర్ల బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేకు 2022 మేలో శంకుస్థాపన జరిగింది. కర్ణాటక భాగంలో 2024 చివర్లోనే వాహనాలు తిరగసాగాయి. చిత్తూరు జిల్లాలో అది బైరెడ్డిపల్లె, పలమనేరు ప్రాంతాల మీదుగా ఊళ్లను తాకకుండా సాగుతుంది. దూరపు లారీలు ఆ దారి పట్టినకొద్దీ పాత రోడ్డు పక్కనున్న పంక్చరు షాపులు, లేతు షెడ్డులు, దాబాలు స్థానిక బండ్ల మీద, టమాటా పికప్పుల మీద, ట్రాక్టర్ల మీద ఆధారపడాల్సి వస్తుంది. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే దిగే చోట్ల ఛార్జింగు స్టేషన్లు, ట్రక్కు టెర్మినళ్లు, టోయింగు బండ్లు, టైరు సర్వీసులకు కొత్త చోటు ఏర్పడుతుంది. అక్కడి స్థలాలు ఎవరి చేతికి పోతాయన్న దాన్ని బట్టి రోడ్డు పక్క మేస్త్రీల తర్వాతి తరం యజమానులవుతుందో, జీతగాళ్లవుతుందో తేలుతుంది.